రాతి మీద చెక్కిన టైంటేబుల్

ఆళ్ళగడ్డలో ఒక పాప దగ్గర నా మొహం ఉంది. ఫోటో కాదు, నాపరాయి మీద చెక్కిన మొహం. కళ్ళు మూసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటాను. మామూలుగా మనిషి మొహం రాతి మీదికి ఎక్కాలంటే ఆ మనిషి పోయి ఉండాలి. నేను బతికే ఉన్నాను, ప్రభువుకు స్తోత్రం. ఆ రాతి మీదికి ఎట్లా ఎక్కానో, ఎక్కాక దిగడానికి ఎన్ని తిప్పలు పడ్డానో, దిగకపోవడమే చివరికి ఎంత మేలయిందో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నేను నంద్యాలలో ఉంటాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నా పని. చెప్పడమే గానీ, నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా ఊరు వెలుగోడు అవతల. చిన్నప్పుడే ఎడమ కాలికి పోలియో వచ్చింది. బడి మూడు కిలోమీటర్లు. నాయన కూలిపని చేసేవాడు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయనకు దొరికిన పిల్లను నేనొక్కదాన్నే. పొద్దున పనికి పోయే ముందు ఇంట్లో పరిచిన బండల మీద సుద్దముక్కతో లెక్కలు వేసి పోయేవాడు, ఒక్కో బండకు ఒక లెక్క. సాయంత్రం వచ్చేసరికి అన్ని బండల మీదా జవాబులుండాలి. మధ్యలో అమ్మ ఇల్లు తుడిచిందంటే ఆ రోజు నాకు సెలవు. చదవడం బైబిల్లోనే నేర్చుకున్నాను. అందుకే కుక్క, పిల్లి అని రాయడం కంటే ముందు నాకు గుడారము, మందసము అని రాయడం వచ్చింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను, డిగ్రీ ఇంట్లో కూర్చునే పూర్తి చేశాను. కాబట్టి కరోనా వచ్చి ఊళ్ళో పిల్లలంతా ఇంట్లో కూర్చుని చదవాల్సి వచ్చిందని అందరూ బాధపడుతుంటే నాకేమీ వింతగా అనిపించలేదు. సుద్దముక్క బదులు ఫోను వచ్చింది, అంతే.

ఆళ్ళగడ్డ పాప నాకు అప్పుడే ఫోన్లో పరిచయమైంది. ఆటిజం ఉన్న పాప. నేను చెప్పే సంగతులు జరిగేనాటికి పదేళ్ళు నిండాయి. వచ్చిన మాటలు ఆరో ఏడో. ఏ పని ఏ వరసలో మొదలైందో అదే వరసలో జరగాలి, అట్లాగే ముగియాలి. ఒక్క మెట్టు తప్పినా ఒప్పుకోదు. కరోనా పోయి మిగతా పిల్లలు నంద్యాలలో నేను పనిచేసే సెంటరుకు రావడం మొదలుపెట్టినా ఈ పాప రాలేకపోయింది. బస్సు హారన్ వింటే రెండు చెవులూ మూసుకుని డ్రైవరు కంటే గట్టిగా అరిచేది. అందుకని వారానికి మూడు రోజులు పది గంటలకు వీడియో కాల్‌లో క్లాసు, నెలకొకసారి నేను వాళ్ళింటికి పోయి రావడం.

పాప వాళ్ళ నాయన శిల్పి. ఇంటి పక్కనే పందిరి కింద విగ్రహాలు చెక్కుతాడు. మొదటి రోజు క్లాసు మొదలుపెట్టగానే టక్ టక్ అని ఉలి చప్పుడు. నేను మర్యాదగా అడిగాను.

"అన్నా, పాఠం అయిపోయేదాకా కొంచెం ఉలి ఆపుతారా?"

పాపం, ఆయన వెంటనే ఆపాడు. ఉలి ఆగిన మరుక్షణం పాప లేచి, నాయన ఎందుకు ఆపాడో చూడడానికి పందిట్లోకి పోయింది. వాళ్ళమ్మ పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. మళ్ళీ పోయింది. మూడోసారికి నాకు బుద్ధి వచ్చింది.

"అన్నా, కొట్టండన్నా. ఆపొద్దు."

"నేను చెప్తానే ఉండా గదా మేడం, అది పుట్టినప్పట్నుంచి ఈ సప్పుడుతోనే పెరిగిండాది" అన్నాడాయన. ఆయన అంతకుముందు ఏమీ చెప్పలేదు, కానీ ఆ రోజు నుంచి ఉలి చప్పుడు మా పాఠంలో భాగమైంది.

ఇంకొక భాగం జేజి. అంటే పాప నాయనమ్మ. ఫోన్లో మనిషి కనబడి మాట్లాడుతోందంటే ఆమె డాక్టరై ఉండాలని జేజికి గట్టి నమ్మకం. నేను ఎర్రపూస, నల్లపూస అని పాఠం చెబుతుంటే మధ్యలో తెర నిండా ఒక మోకాలు వచ్చేది.

"టీచరమ్మా, ఈడ సూడు, ఈడ. లేస్తే పట్టుకుంటాది."

"అవ్వా, నేను చదువు చెప్పే టీచర్ని."

"చదువుకున్నదానివే గదా. చదువుకున్నదానికి మోకాలు తెలీదా?"

నా కాలికి నేను రాసుకునే నూనె ఏదో చెప్పి ఆ మోకాలిని తెర మీద నుంచి దింపేదాన్ని. దానికి ఐదు నిమిషాలు పోయేది.

ఇక అసలు సంగతి. ఆ పాపను వాళ్ళ వీధిలో పిల్లలు చదివే బడికే పంపాలని తల్లి కోరిక. ఒకసారి ఆమే పాపను వెంటబెట్టుకుని బడికి పోయింది. పెద్ద సార్‌తో మాట్లాడుతుండగా పాప చెయ్యి విడిపించుకుని వరండాలోకి పోయింది. అక్కడ ఇనుప గంట వేలాడుతోంది, పక్కనే సుత్తి. శిల్పి కూతురికి సుత్తి ఎవరూ చూపించనక్కర్లేదు. నాయన ఎట్లా కొడతాడో అట్లాగే, ఆగకుండా, ఒకే లెక్కన కొట్టింది. ఆ బడిలో ఒక దెబ్బ కొడితే పీరియడ్ అయినట్టు, ఆగకుండా కొడితే ఇంటికి పోవడానికి. అప్పుడు టైము పదకొండు. పిల్లలు పుస్తకాలు కూడా సర్దుకోలేదట, గేటు దాటేశారు. వాళ్ళను వీధి వీధికీ తిరిగి ఏరుకొచ్చేసరికి మధ్యాహ్నం అన్నం వేళయింది.

అందుకే నేను పెద్ద సార్‌కు ఫోన్ చేసి, ఇట్లాంటి పిల్లలను వద్దనే వీలు రూల్లో లేదండీ అన్నప్పుడు ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు.

"రూలు నాకూ తెల్సమ్మా. పేరు రేపే రాసుకుంటా. కానీ రూలొచ్చి బెంచీ మీద పక్కన కూసోదు గదా. ఇరవై నిమిషాలు ఒక్క తావున కూసుంటాదని నాకు సూపించు. కూసుంటే క్లాసులో కూసోబెడ్తా, పూచీ నాది. లేకుంటే పేరు రిజిస్టర్లో ఉంటాది, పిల్ల ఇంట్లో ఉంటాది."

"ఎప్పుడు తీసుకురమ్మంటారు సార్?"

"తీసుకొచ్చేది ల్యా. ఫోన్లోనే సూపించు. మాకుండేది ఒక్క గంట."

ఆ మాట తల్లికి చెప్పాను. రిజిస్టర్లో పేరుండడం కూడా చిన్న సంగతేం కాదమ్మా అని ఓదార్చబోయాను. ఆమె నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు.

"మేడం, అది పొద్దున్నే లేసి వాళ్ళ నాయన పనిముట్ల సంచి భుజానికేసుకోని గడప మీద నిలబడ్తాది. పిల్లోల్లు బడికి పోయేది సూస్తాది. అందరూ పోయినంక సంచి దించుతాది. ఆ సుత్తులు, ఉలుల బరువుకు భుజం కందిపోయిండాది. దానికి రిజిస్టరంటే ఏం తెలుస్తాది?"

అప్పటికి పాప ఒక్కచోట కూర్చునే సమయం నాలుగు నిమిషాలు. అదీ జేజి మోకాలు అడ్డం రాకపోతే.

ఇట్లాంటి పిల్లలకు బొమ్మల వరస ఒకటి పెడతాం. ఇప్పుడు ఇది, తర్వాత ఇది, ఆఖరున ఇది అని కళ్ళకు కనబడితే వాళ్ళ మనసు నిలబడుతుంది. ఒక పని అయిపోగానే ఆ బొమ్మను బోర్లేస్తారు. నేను అట్టముక్కల మీద బొమ్మలు అంటించి ఆళ్ళగడ్డ బస్సులో పంపాను. పాప నమిలేసింది. ప్లాస్టిక్ అతికించి పంపాను. దాన్ని కొంచెం ఎక్కువసేపు నమిలింది.

"కాయితం మా ఇంట్లో నిల్సదు మేడం" అన్నాడు నాయన. "రాయి నిలుస్తాది. మీరు క్లాసులో ఏమేం చేస్తారో నేను రెండు దినాలు సూస్తా. సూసి చెక్కుతా."

మంచి ఆలోచన అని సంతోషపడ్డాను. కొలిమిగుండ్ల వైపు నుంచి వచ్చే నాపరాయి ముక్కలు ఆయన దగ్గర ఊరికే పడి ఉంటాయి. ఫోను అంత సైజువి ఐదు తీసుకున్నాడు. రెండు రోజులు ఫోను వెనకాల నిలబడి, రాయిని చూసే చూపుతో మా క్లాసును చూశాడు. మూడో రోజు తల్లి ఆ రాళ్ళను కెమెరా ముందు ఒక్కొక్కటే పెట్టింది. రెండోది ఎత్తిన చెయ్యి, అంటే హాజరు. మూడోది పూసలు, రెండు గిన్నెలు. నాలుగోది పాదం, అంటే లేచి గెంతడం. ఐదోది అన్నం పళ్ళెం, అంటే అయిపోయింది. అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఇక మొదటి రాయి. కళ్ళు మూసుకున్న ఆడమనిషి. దేవతా విగ్రహాలు చెక్కే చెయ్యి కాబట్టి మొహంలో కొంచెం దేవత కళ వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకున్న దేవత.

తప్పు నాదే. ఏ పని మొదలుపెట్టినా ముందు అర నిమిషం కళ్ళు మూసుకోవడం నాకు అలవాటు. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. ఆఖరున "ఆమెన్" మాత్రం పైకే వచ్చేస్తుంది. గట్టిగా ఆమెన్ అనకపోతే ప్రార్థన పైకప్పు దాకా కూడా పోదని మా నాయన అనేవాడు. అది నా సొంత సంగతి, పిల్లలకు నేర్పేది కాదని నంబరు నొక్కి, అది మోగుతున్నంతలోనే ముగించుకునేదాన్ని. అంటే ముగించుకుంటున్నానని అనుకునేదాన్ని. వాళ్ళమ్మ వేలు చురుకు. నేను నొక్కీ నొక్కకముందే అటువైపు ఎత్తేసేది. ఎన్ని నెలలుగానో ఆ పాప నా మూసిన కళ్ళు చూస్తోంది, తనూ మూసుకుంటోంది. నా కళ్ళు మూసుకుని ఉంటే నాకెట్లా తెలుస్తుంది?

శిల్పి గారికి క్షమాపణ చెప్పుకున్నాను.

"అన్నా, ఇది పాఠం కాదు. నా ప్రార్థన. మీ ఇంట్లో మీ దేవుళ్ళుంటారు, నా అలవాటు మీ పాపకు అంటించాను. ఆ రాయి తీసేయండి."

ఆయన నవ్వాడు.

"నేను నెలకు ఇద్దరు ముగ్గురు దేవుండ్లను చేసి పంపిస్తాంటా మేడం. మా ఇంట్లో దేవుండ్లకు ఎప్పుడూ తావు ఉంటాది. ఇంగొగరొస్తే జరిగి కూసుంటారు."

అయినా నా మాట మీద ఆ రాయి తీసి వెనక దొడ్లో రాళ్ళ కుప్పలో వేశాడు. మరుసటి క్లాసుకు పాప కూర్చోలేదు. కుప్పంతా వెతికి, ఆ రాయి తెచ్చి, వరసలో మొదట పెట్టి, నా వైపు చూసింది. నేను నేరుగా హాజరు మొదలుపెట్టబోయాను. వేలితో రాయి మీద టక్ టక్ అని కొట్టింది. పని ఎగ్గొట్టిన టీచర్ని పట్టుకున్న ఇన్‌స్పెక్టరు అట్లాగే చూస్తాడు. కళ్ళు మూసుకున్నాను. ఇంకేం చేయను?

మేలు కూడా జరిగింది, దాచిపెట్టకూడదు. రాళ్ళు వచ్చాక నాలుగు నిమిషాలు ఎనిమిదయ్యాయి, తర్వాత పది, పన్నెండు. పని ముగిసిన ప్రతిసారీ రాయి బోర్లేసి "అయిపాయ" అనేది. ఆ మాట కొత్తగా వచ్చింది. తల్లి ఆ రోజు ఫోన్లో ఏడ్చింది, నేను కూడా.

ఒకరోజు క్లాసు మొదట్లోనే సిగ్నల్ పోయింది. కళ్ళు తెరిచి చూస్తే కాల్ తెగిపోయి ఉంది. మళ్ళీ కలవలేదు. సరే, ఇవాళ్టికి ఇంతే అని వేరే పిల్లవాడి క్లాసు చెప్పుకుని, పన్నెండింటికి అన్నానికి కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

"మేడం, మీరు ఆమెన్ చెప్పల్ల. బేగా చెప్పండి" అంది తల్లి.

"ఏమైందమ్మా?"

"కండ్లు తెరవకుండాది. పది గంటలకు మూసుకునింది, అట్లనే కూసోనుండాది. ముద్ద పెడ్తే తింటాంది గానీ కండ్లు తెరవదు. వాళ్ళ జేజి చెప్పింది, నేను మీ గొంతు పెట్టి చెప్తి, నవ్వుతాంది, తెరవదు."

వెనక నుంచి జేజి గొంతు. "నేను పదిసార్లు చెప్తి టీచరమ్మా! ఆమేను, ఆమేను అని. నా నోటికి ఆ దేవుడు పలకల్యా!"

ఫోను పాప చెవి దగ్గర పెట్టమని, నోట్లో ముద్ద మింగి "ఆమెన్" అన్నాను. కళ్ళు తెరిచిందట. రాయి బోర్లేసిందట. వెంటనే చెయ్యెత్తిందట, హాజరు కోసం. మధ్యలో గడిచిన రెండు గంటలూ తనకు లెక్కలోనే లేవు.

నవ్వుకున్నాను. అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. అప్పటి నుంచి ప్రార్థన చిన్నది చేశాను, అంతే.

పెద్ద సార్ చూస్తానన్న రోజు వచ్చింది. ఏప్రిల్ నెల. ముగ్గురం ఒకే కాల్‌లో ఉండాలి. నంద్యాలలో నేను, ఆళ్ళగడ్డలో ఇంట్లో పాప, బడిలో తన గదిలో పెద్ద సార్. ముందురోజు తల్లి నాలుగుసార్లు ఫోన్ చేసింది. పాపకు ఏ గౌను వేయాలి, ఫోను దేనికి ఆనించాలి, జేజిని ఎవరింటికి పంపాలి. జేజి పోనంది. గడప దగ్గరే కూర్చుంటానని, మోకాలి సంగతి ఎత్తనని మాట ఇచ్చింది.

పదికి కాల్ కలిసింది. తెర మీద పెద్ద సార్, నుదుట నిలువు నామం, పక్కన గోడ గడియారం. పాప ముందు ఐదు రాళ్ళు వరసగా. పందిట్లో ఉలి టక్ టక్. "కానీమ్మా" అన్నారు సార్. పాప నన్ను చూసింది. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం.

అప్పటికి అర నిమిషం కూడా పట్టేది కాదు. ఆ రోజు నాకు భయం ఎక్కువగా ఉంది. భయం ఎక్కువైతే నాకు కృతజ్ఞత కూడా ఎక్కువవుతుంది. ఇంతవరకు తెచ్చినందుకు స్తోత్రం అన్నాను. ఆ తల్లి ఓపిక కోసం, సార్ మనసు కోసం, రాళ్ళ కోసం, ఉలి కోసం, జేజి ఇచ్చిన మాట కోసం స్తోత్రం అన్నాను. మా నాయన సుద్దముక్క కూడా గుర్తొచ్చింది, దానికీ చెప్పాను. నెట్‌వర్క్ కోసం కూడా స్తోత్రం చెప్పి, ఆమెన్ అని కళ్ళు తెరిచాను. తెర మీద ఒక గుండ్రం గిరగిరా తిరుగుతోంది. పైన ఫ్యాన్ ఆగిపోయి ఉంది. మా వీధిలో కరెంటు ఎప్పుడో పోయింది, దాంతోపాటు సిగ్నల్ కూడా.

మొదట వచ్చిన ఆలోచన సార్ ఏమనుకుంటారో అని కాదు. పాప కళ్ళు మూసుకుని ఉంది, నేను చెప్పేదాకా తెరవదు.

మా మిద్దెకు ఇరవై రెండు మెట్లు. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి కాలికి పెట్టుకుని ఎక్కుతాను. ఆ రోజు ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. పైన పక్కింటి ముస్లిం అమ్మాయి వొరుగులు ఎండబెడుతోంది.

"ఏందక్కా, ఇట్ల రొప్పుతాండావ్?"

"ఫోనియ్యమ్మా, బేగా. ఆమెన్ చెప్పాలి."

ఆ అమ్మాయి మొహం మారిపోయింది. ఫోను నా చేతిలో పెడుతూ గొంతు తగ్గించి, "ఎవరు పోయినారక్కా?" అంది.

ఎవరూ పోలేదని చెప్పే ఓపిక లేదు. పాప తల్లికి చేశాను, వేరే కాల్‌లో ఉన్నారంది. సార్‌కు చేశాను, ఆయనా వేరే కాల్‌లోనే. ఇద్దరూ నేను కలిపిన కాల్‌లోనే ఉన్నారు, నేను తప్ప. అటు తిరిగి ఇటు తిరిగి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే నా ఫోన్లో రెండు గీతలు కనబడ్డాయి. మళ్ళీ కాల్‌లోకి పోయాను. సార్ గోడ గడియారంలో పదీ ఇరవై ఆరు.

తెర మీద మూడు గడులు. ఒకదాంట్లో నేను, చెమటతో. ఇంకోదాంట్లో పాప, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా. వెనకాల గోడకు ఆనుకుని తల్లి, ఆమె కళ్ళు కూడా మూసి ఉన్నాయి. గడపలో జేజి, కళ్ళు మూసుకుని, మోకాలు పట్టుకుని. ఉలి చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. మూడో గడిలో పెద్ద సార్. ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఆమెన్" అన్నాను.

పక్కన వొరుగుల అమ్మాయి కూడా "ఆమీన్" అంది. వాళ్ళకూ ఆ మాట ఉంది.

తెర మీద ఎనిమిది కళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. పాప రాయి బోర్లేసింది. "అయిపాయ." చెయ్యెత్తింది.

"అయిపోయిందా?" అన్నారు పెద్ద సార్, కళ్ళు నలుపుకుంటూ. "నేనింగ సాయంత్రమైతాదేమో అనుకుంటి."

ఆ పూట మౌనంగా ఉంటే సరిపోయేదేమో. కానీ మా నాయన బండల మీద నేర్పిన లెక్కల్లో తప్పును సుద్దతో దాచడం లేదు.

"సార్, మీకు నిజం చెప్పాలి. ఇది పాఠం కాదు. మధ్యలో నా నెట్ పోయింది. నేను రాలేదు కాబట్టి పాప అట్లా ఉండిపోయింది."

"నువ్వు పోయింది నాకు తెలీదా అమ్మా? నీ గడి నల్లగా అయినప్పుడే సూస్తి. వాళ్ళమ్మను అడిగితి, సంగతి చెప్పె. సరే సూద్దాం అని నేనూ మూసుకుంటి. నాకు మూడు నిమిషాలకే తెరుసుకున్యాయి. నాలుగుసార్లు తెరిసి సూసినా, ఆ పిల్ల అట్లనే ఉండాది." ఆయన ముందుకు వంగారు. "నువ్వు లేకుండా కూసునింది. నాకు కావల్సింది అదే. మా ఐదో క్లాసును కూసోమని చెప్పి నేను ఆఫీసు రూముకు పోయొస్తే, బెంచీలు మాత్రం కూసోనుంటాయి."

తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. జేజి మాట తప్పింది. "అయితే సారూ, ఇంగ నా మోకాలు..." అని తెరలోకి వచ్చింది.

నాకు మాత్రం ఇంకా ఒకటి చెప్పాల్సి ఉంది. "సార్, నేను రాకపోతే సాయంత్రం దాకా కూర్చునేది. కళ్ళు మూసుకోవడం నేర్పాను గానీ తెరుచుకోవడం నేర్పలేదు."

"నేర్పు. జూన్ దాకా టైముండాది గదా."

వేసవి సెలవులంతా అదే పాఠం. కళ్ళు మూసుకో, పది వేళ్ళూ ఒక్కొక్కటే ముడువు, తెరువు, రాయి నీ చేత్తో బోర్లెయ్యి. నేను ఆమెన్ అన్నా అనకపోయినా. ఎండలు ముదిరేసరికి పదిలో ఎనిమిదిసార్లు తనంతట తనే చేసేది. మిగతా రెండుసార్లూ కళ్ళు మూసుకునే నా ఆమెన్ కోసం కాచుకునేది.

బడికి పోయాక ఇంటికి వచ్చే వేళ కూడా తెలియాలి కాబట్టి ఇంకొక రాయి కావాలన్నాను. అన్నం పళ్ళెం తర్వాత పెట్టాల్సిన ఆరో రాయి. ఇంటికి పోవడం అంటే ఏమిటో శిల్పికి బాగా తెలుసు. గంట చెక్కాడు. గంట, పక్కనే సుత్తి. ఆ సంగతి వినగానే పెద్ద సార్ ఫోన్ చేశారు.

"ఏమ్మా, వేరే బొమ్మే దొరకల్యా ఆయప్పకు? తీసేయమను!"

"రాతి మీద చెక్కినాక ఎట్లా తీసేస్తాడు సార్?"

జూన్‌లో బడి తెరిచిన రోజు నేను పోలేదు. నేను కనబడితే నా చుట్టూనే తిరుగుతుందని కావాలనే నంద్యాలలో ఉండిపోయాను. తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. పెద్ద సార్.

"ఏమ్మా, పిల్లోల్లంతా లోపలికి పాయిరి. ఈ పిల్ల గ్రౌండులో నిలబడుకోనుండాది. కండ్లు మూసుకోని."

ప్రార్థన గీతానికి పిల్లలంతా కళ్ళు మూసుకుని ఉంటారు. అది చూసి తనూ మూసుకుంది.

"రాళ్ళు ఎక్కడున్నాయి సార్?"

"సంచిలో. ఆ సంచి ఎత్తల్లంటే ఇద్దరు మనుషులు కావల్ల. వీపున వేసుకోనుండాది."

"బోర్లేయడానికి చేతిలో రాయి లేదు సార్, అందుకే. మొదటి రాయి తీసి చేతికివ్వండి."

కాసేపు సంచిలో రాళ్ళు ఒరుసుకున్న చప్పుడు. "ఇదేనా, నీ మొగం? పట్టుకునింది. తెరవల్యా. నువ్వు చెప్పమ్మా ఆ మాట, స్పీకర్ పెడ్తా."

నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. ఇవాళ నేను చెబితే రేపూ నంద్యాల నుంచి నేనే చెప్పాలి.

"మీరు చెప్పండి సార్."

"నేనా?"

చుట్టూ చూసుకున్నారేమో. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఆమెన్" అన్నారు.

"ఏమైంది సార్?"

"ఏం కాల్యా."

"గట్టిగా చెప్పాలి సార్. గట్టిగా అనకపోతే చేరదు."

ఈసారి నాకు ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. వెంటనే టక్ మని రాతి చప్పుడు. సన్నటి గొంతు. "అయిపాయ."

"తెరిసింది" అన్నారు సార్. "పోతాండాది... వరండా ఎక్కింది... ఆగు. గంట కాడ నిలబడింది."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"సంచి దించింది. రాళ్ళు నేల మీద పరుస్తాండాదమ్మా. ఒకటి బోర్లించి పెట్టింది. మిగతావి ఒక్కొక్కటే ఏలు పెట్టి సూస్తాండాది. గంట బొమ్మ ఎన్నోది?"

"ఆఖరుది సార్."

"ఆఖరుదే... ఏలు పెట్టింది... మళ్ళా ఎనక్కి వచ్చింది. ఎత్తిన చెయ్యి బొమ్మ మీద ఏలు పెట్టింది."

రాళ్ళు సంచిలోకి పోయిన చప్పుడు వినబడింది. తర్వాత బరువుగా అడుగులు. తర్వాత పిల్లల గోల కొంచెం పెరిగి, తలుపు అవతలికి పోయినట్టు తగ్గింది.

"క్లాసులోకి పాయ" అన్నారు పెద్ద సార్. "చెయ్యెత్తుకోని కూసునిండాది. నేను పోయి హాజరు పిలవల్ల, ఉంటానమ్మా."

నేను కళ్ళు మూసుకున్నాను. ఈసారి మాత్రం ఫోన్ పెట్టేసి, పెట్టేశానని రెండుసార్లు చూసుకున్నాకే.